ఖరగ్‌పూర్‌లో ఉత్తుత్తి కోర్టు

ఖరగ్‌పూర్ వెళ్ళొచ్చానంటే మా వాల్తేరులో అందరూ ముందుగా అడిగేది ప్లాట్‌ఫారం గురించే. "నిజంగా అంత పొడుగా?" అని. నిజమే. కాని దాన్ని చూసి ఆశ్చర్యపోయే తీరిక మాకు చిక్కలేదు. మేము దిగింది ఒక కొసన, మమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు నిలబడింది రెండో కొసన. నడుమ మేము ముగ్గురం, మా పెట్టెలు, ఒక పరుపుచుట్ట, ఎవరి చేతికీ ఇవ్వనని మా పెద్దత్త పట్టుబట్టి మోస్తున్న ఆవకాయ జాడీ.

ఎందుకు వెళ్ళామో చెప్పాలి. ఇది అరవైల్లో మాట. నేను లా చదువుతున్నాను. మా క్లాసులో ఆడపిల్లలం ఇద్దరమే. లా విద్యార్థులకి మూట్ కోర్టు అని ఒకటుంటుంది. ఉత్తుత్తి కేసు ఒకటి ఇస్తారు. ఒక జట్టు వాది తరఫున, ఒక జట్టు ప్రతివాది తరఫున, జడ్జి కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ముందు వాదించాలి. కేసు ఎవరిదైనా కప్పు మాత్రం బాగా వాదించినవాళ్ళది. గొంతు ఎలా ఉంది, ఎలా నిలబడ్డారు, జడ్జి మధ్యలో ప్రశ్న వేస్తే తడబడ్డారా, ఇవన్నీ చూస్తారు. ఖరగ్‌పూర్‌లో తెలుగు రైల్వే కుటుంబాల సంఘం వార్షికోత్సవానికి ఏటా నాటకాలు వేస్తారు. ఆ ఏడాది కొత్తగా ఇది కూడా పెడదామని సంఘం సెక్రటరీకి బుద్ధి పుట్టింది. ఆయనా మా లెక్చరరూ చిన్ననాటి స్నేహితులు. అందుకని కలకత్తా నుంచి ఒక జట్టు, వాల్తేరు నుంచి మేము.

మేమంటే గోపాలం, నేను. గోపాలానిది బొబ్బిలి దగ్గర ఊరు. వాడి గొంతు కాలేజీలో లేస్తే హాస్టల్లో పడుకున్నవాళ్ళు లేచేవారు. నా సంగతి వేరు. "సుభద్రా, నీ పాయింట్లు బాగుంటాయి. అవి మొదటి బెంచీ దాటి రావు," అనేవారు లెక్చరరు. కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుని గబగబా చదివేసి కూర్చునేదాన్ని. నాన్న నన్ను పంపడానికి ఒప్పుకున్నారు గాని రెండు షరతులు పెట్టారు. పెద్దత్త తోడు రావాలి. అక్కడ కూడా నలుగురి ముందు నోరు పెగలకపోతే నల్లకోటు మాట మరిచిపోయి టీచరు ట్రైనింగులో చేరాలి.

ప్లాట్‌ఫారం మీద

సగం దూరం నడిచాక పెద్దత్త పరుపుచుట్ట మీద కూలబడింది. టీ అమ్మే అతను మట్టి ముంతల్లో టీ పోసి ఇచ్చాడు. పాలు చిక్కగా, మట్టివాసనతో బాగుంది. మా వైపు గాజు గ్లాసులో ఇచ్చి, తాగేదాకా పక్కనే నిలబడి, గ్లాసు లాక్కుని పోతారు. ఇక్కడ తాగిన ముంతని పట్టాల మీదికి విసిరేస్తున్నారు.

"ఓలమ్మో, ఇంత మంచి ముంత పారేస్తారేటి!" అని పెద్దత్త తనదీ నాదీ కూడా కడిగి సంచిలో దాచింది. టీ అతను నవ్వి, "ఫేంక్ దీజియే మాజీ," అన్నాడు, పారెయ్యమని. పెద్దత్తకి హిందీ రాదు. ఇంకోటి కూడా తీసుకోమంటున్నాడనుకుని గోపాలం ముంత కూడా తీసుకుంది.

అప్పుడు అటు కొస నుంచి ఒకాయన దాదాపు పరుగెత్తుతూ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, సన్నగా, తలకి మఫ్లరు చుట్టుకుని. "వచ్చీసినారా! నాను ఆ సివర నిలబడి ఒక్కో పెట్టే సూస్తన్నాను," అంటూ పెద్ద పెట్టె భుజానికెత్తుకున్నాడు. ఆయన సత్యం. మేము దిగబోయే ఇల్లు పెద్దత్త మరిది సింహాచలం మావయ్యది. మావయ్య భార్య పైడమ్మత్త, ఆవిడ తమ్ముడు ఈ సత్యం. వరసకి నాకు బాబాయి. ఉద్యోగం రైల్లో గార్డు.

"కేసేటి తల్లీ? దేని మీద?" అని దారిలో అడిగాడు.

"రైల్వే మీదే బాబాయ్," అన్నాను, ఆయన సంతోషిస్తాడనుకుని.

"మా మీదే! బాగుంది," అని నవ్వాడు.

ఓల్డ్ సెటిల్‌మెంట్

బెంగాల్లో దిగానన్న మాట ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలోకి రాగానే మరిచిపోయాను. ఎర్ర ఇటుకల క్వార్టర్లు, వీధి గుమ్మాల్లో ముగ్గులు, "ఏటే, నీళ్ళొచ్చినాయా?" అని గోడ మీంచి కేకలు. విజయనగరం పేట ఏదో రైలెక్కి వచ్చి ఇక్కడ దిగినట్టుంది. తేడా వంటింట్లో తెలుస్తుంది. పైడమ్మత్త చేపల పులుసులో చింతపండు మనదే, నూనె మాత్రం ఆవనూనె. ఆ వాసనకి మొదటి ముద్ద దిగలేదు. మూడో ముద్దకి కంచం జరిపి ఇంకాస్త వెయ్యమన్నాను.

గోపాలానికి సెక్రటరీగారి క్వార్టర్లో బస. సాయంత్రం వచ్చి మా పెరట్లో ప్రాక్టీసు మొదలుపెట్టాడు. చెయ్యి గాల్లోకి లేపి, "మై లార్డ్!" అన్నాడో లేదో గోడ మీద తలకాయలు మొలిచాయి. నాటకం రిహార్సలనుకున్నారు. "ఈ అబ్బాయిది ఏ వేషం?" అని ఒకావిడ పెద్దత్తని అడిగింది. "పిలీడరు వేషం," అంది పెద్దత్త. గోపాలం ముగించగానే గోడ మీంచి చప్పట్లు. నేను గొంతు విప్పేసరికి గోడ ఖాళీ.

సింహాచలం మావయ్య షిఫ్టు దిగి వచ్చాడు. రైల్వే కార్ఖానాలో, బాయిలర్ షాపులో ఇరవై ఏళ్ళకి పైగా ఇనప రేకుల మీద సుత్తి దెబ్బల మధ్య పనిచేసిన మనిషి. చెవులు దాదాపు పోయాయి. ఆ షాపులో అందరికీ అంతేనట. కాళ్ళు కడుక్కుని వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని, "సెప్పమ్మా, కేసేటి?" అన్నాడు.

నేను గబగబా చెప్పాను. "ఏటి?" అన్నాడు. గట్టిగా చెప్పాను. "ఏటంటన్నావు?" అన్నాడు. అరిచాను. పక్కింటి కుక్క మొరిగింది గాని మావయ్యకి వినపడలేదు.

పైడమ్మత్త వంటింట్లోంచి వచ్చి నా గడ్డం పట్టుకుని తల ఎత్తింది. "అరవకమ్మా. అరిస్తే ఆయనకి రొద తప్ప మాట ఇనపడదు. ముకం సూసి, ఒక్కో మాటా వొదులు. తలూపినాక ఇంకోటి సెప్పు. మా ఇంట్లో అందరం అలగే మాటాడుకుంటాం."

అలాగే చెప్పాను. ఒక చిన్న స్టేషను. తల ఊపాడు. పొద్దున్న పూట, పొగమంచు. ఊపాడు. బండి పొడుగు, ప్లాట్‌ఫారం పొట్టి. నవ్వి మరీ ఊపాడు. ఒక ముసలావిడ దిగుతోంది. ఆవిడ ఎక్కిన పెట్టె ప్లాట్‌ఫారం దాటి ఆగింది. ఆవిడ కాలు ఇంకా మెట్టు మీదే ఉంది. గార్డు పచ్చజెండా ఊపాడు. బండి కదిలింది. ఆవిడ పడింది, తుంటి విరిగింది.

ఈసారి తల ఊగలేదు. మావయ్య నా వైపు కాదు, గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకుంటున్న సత్యం బాబాయి వైపు చూశాడు. బాబాయి గుడ్డ కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

"నువ్వు ఎవులి పచ్చం?" అన్నాడు మావయ్య.

"ముసలావిడ పక్షం."

"అయితే మా ఇంట్లో తిని, మావోడి మీద వాదిస్తావన్నమాట," అని లేచి లోపలికి పోయాడు.

సంగతి పైడమ్మత్త పొయ్యి దగ్గర చెప్పింది. రెండు చలికాలాల కిందట, ఇక్కడికి కాస్త దూరంలో ఒక చిన్న స్టేషన్లో, సత్యం బాబాయి గార్డుగా ఉన్న బండి దిగుతూ ఒక ముసలావిడ అచ్చం ఇలాగే పడిపోయింది. ఎంక్వైరీ జరిగింది. ఆయన తప్పేమీ లేదని తేల్చారు. "తప్పు నేదన్నారు గాని, ఆడికి ఆ రోజు నుంచి కూడు సయించదు," అంది. మా లెక్చరరుకి ఇదేమీ తెలియదు. గార్డుల ఊళ్ళో గార్డు మీద కేసేమిటని ఎవరికీ తోచలేదు.

ఇందా బజారు

మర్నాడు పొద్దున్న పెట్టె తీస్తే నా తెల్లచీర ఎర్రగా ఉంది. స్టేషను నుంచి ఇంటికొచ్చే దారిలో పెద్దత్త ఆవకాయ జాడీని నా పెట్టెలో భద్రపరిచిందట, దొర్లిపోతుందని. కోర్టుకి తెల్లచీర తప్పదు. సాయంత్రమే మూట్. బాబాయి డ్యూటీ లేదని రిక్షా పిలిచి మమ్మల్ని ఊళ్ళోని ఇందా బజారుకి తీసుకెళ్ళాడు.

ఇందాలో అడుగు పెడితే మళ్ళీ బెంగాలు. చేపలబుట్టలు, రిక్షా గంటలు, ఆవనూనెలో వేగుతున్న వంకాయ బజ్జీలు. మన దుకాణాల్లో "ఏం కావాలండీ?" అంటారు. ఇక్కడ చిన్నా పెద్దా లేదు, ఆడది కనిపిస్తే దీదీ, అంటే అక్కే. పెద్దత్తని కూడా దీదీ అన్నారు. దానికి ఆవిడ ఎంత పొంగిపోయిందంటే అక్కర్లేని గరిటె ఒకటి కొంది.

బట్టల కొట్లో అంచు లేని తెల్లచీర చూపించమన్నాను. కొట్టాయన నన్నూ నా వయసూ చూసి, నెమ్మదిగా ఏదో అన్నాడు. కళ్ళు చెమర్చాయి. ధర రూపాయి తగ్గించాడు కూడా. బాబాయి దగ్గుతున్నాడు.

"ఏమంటున్నాడు బాబాయ్?"

"పాపం, ఎన్నాళ్ళయింది పోయి, అని అడుగుతున్నాడు తల్లీ. మీ ఆయన."

పెద్దత్త ఆ కొట్టుని తెలుగులో కడిగేసింది. కొట్టాయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని విషయం అందింది. చెవులు పట్టుకుని, ఎర్రంచు ఉన్న తెల్లచీర తీసి ఇచ్చాడు, ఇక్కడ పెళ్ళయినవాళ్ళు అది కడతారని. అంటే నాకు పెళ్ళి కాకుండానే వైధవ్యమూ, వెంటనే మళ్ళీ ఐదోతనమూ ఒకే కొట్లో వచ్చాయి. సన్న నీలం అంచుది ఒకటి దొరికించుకుని బయటపడ్డాం.

మిఠాయి కొట్లో కూర్చోబెట్టి బాబాయి సందేశ్ పెట్టించాడు. చలికాలంలో ఖర్జూరపు బెల్లంతో చేస్తారు, గోధుమ రంగులో ఉంటుంది. నోట్లో వేసుకున్నాక నమలాల్సిన పని లేదు. పెద్దత్త మూడోదానికి చెయ్యి చాపుతుండగా బాబాయి అడిగాడు.

"ఆ కేసులో గార్డుని మీరు ఏటని పిలుస్తారు తల్లీ?"

నా కాగితంలో ఇంగ్లీషులో 'నెగ్లిజెంట్ సర్వెంట్' అని ఉంది. పుస్తకంలో మాట. ఎన్నిసార్లు చదివినా నాలిక మీద గుచ్చుకోలేదు. ఆయన ముఖం చూస్తూ తెలుగులో అనబోయాను. నిర్లక్ష్యపు నౌకరు. నోరు రాలేదు.

"ఇంకా అనుకోలేదు బాబాయ్," అన్నాను.

"అనుకో. మొహమాటపడకు. నాను వచ్చి ఇంటాను," అని తన సందేశ్ నా ఆకులో వేశాడు.

మొహమాటం ఎలా ఉండదు? జడ్జిగారు బరంపురం నుంచి వస్తున్న రిటైరైన తెలుగాయన. ఆయన పెట్టిన నియమం ఏమిటంటే వాదన ఇంగ్లీషులోనే గాని, చివర ఐదు నిమిషాలు ఎవరి భాషలో వాళ్ళు చెప్పాలి, హాల్లో ఉన్నవాళ్ళకి అర్థం కావాలి. ఇంగ్లీషు ముక్క నాకు కంఠస్థం. తెలుగు ఐదు నిమిషాలకి కాగితం మీద ఒక్క మాటా లేదు.

రాజదర్బారులో హైకోర్టు

రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు నిండిపోయింది. మర్నాడు వెయ్యబోయే నాటకానికి వెనకాల రాజదర్బారు తెర కట్టేశారు, విప్పడం కుదరదన్నారు. అందుచేత మా జడ్జిగారు బంగారు స్తంభాల మధ్య, రెండు సింహాల పక్కన కూర్చున్నారు. ఆయన కుర్చీ కూడా సింహాసనమే. కింద డ్రైవర్లు, గార్డులు, ఫిట్టర్లు, పట్టాలు వేసే గ్యాంగువాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు, పిల్లలు, వేరుశనక్కాయలు. మొదటి వరసలో పెద్దత్త, పైడమ్మత్త, చెవి వెనక చెయ్యి పెట్టుకుని మావయ్య, ఆయన పక్కన బాబాయి.

కలకత్తా జట్టులో మాలబిక అని ఒకమ్మాయి ఉంది, బక్కపల్చగా, కళ్ళజోడు పెట్టుకుని. వేదిక పక్కన చలికి ముడుచుకున్న నా చేతులు చూసి తన శాలువా ఇచ్చింది. ఎదుటి జట్టు ఇలా ఉంటే పోట్లాడ్డం కష్టం.

ముందు గోపాలం లేచాడు. ఇంగ్లీషులో ఉన్నంతసేపూ బాగానే సాగింది. ఆ గొంతుకి జనం మురిసిపోయారు. తెలుగులోకి రాగానే వాడిలో నాటకం నిద్ర లేచింది. చెయ్యి పైకెత్తి, "ఆ పచ్చజెండా ఊపిన చెయ్యి చూడండి! ఆ చేతికి అంటిన నెత్తురు చూడండి!" అన్నాడు.

వేరుశనక్కాయల చప్పుడు ఆగిపోయింది.

"ఎవుడి సెయ్యిరా?" అని వెనక నుంచి ఒక గొంతు.

"గార్డు బ్రేకు పెట్టెలో ఒక్క డ్యూటీ సేసి అప్పుడు మాటాడు!" అని ఇంకోటి.

గోపాలం తగ్గలేదు. వాళ్ళు పెంచిన కొద్దీ తనూ పెంచాడు. జడ్జిగారు బల్ల మీద కొడుతున్న చప్పుడు ఎవరికీ వినపడలేదు. సగం హాలు లేచి నిలబడింది. సెక్రటరీగారు చేతులు జోడించి అటూ ఇటూ పరుగులు. చివరికి గోపాలం గొంతే జీరపోయింది. పాపం, చెప్పాల్సిన అసలు పాయింటు చెప్పకుండానే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను మొదటి వరస వైపు చూడలేదు.

నా పేరు పిలిచారు. ఇంగ్లీషు భాగం ఎప్పట్లాగే తల దించుకుని చదివేశాను. హాల్లో దగ్గులు, పిల్లల ఏడుపులు. కాగితం అయిపోయింది. ఇక తెలుగు. పట్టుకోవడానికి కాగితం లేదు కనక తల ఎత్తక తప్పలేదు.

మావయ్య కనిపించాడు. రాత్రి లేచి పోయిన మనిషి, ఇప్పుడు కుర్చీ అంచుకి జరిగి నా నోటి వైపే చూస్తున్నాడు. పక్కన బాబాయి తల వంచుకుని ఉన్నాడు. జడ్జిగారికీ మావయ్యకీ ఇద్దరికీ ముఖం కనపడేలా కాస్త పక్కకి జరిగి నిలబడ్డాను.

"ఆ గార్డుకి నేను ఏ పేరూ పెట్టను," అన్నాను.

ఆగాను. మావయ్య తల ఊపాడు.

"ఆయన చూశాడు. మంచులో చూశాడు. అందరూ దిగారనుకున్నాడు."

ఊపాడు. దగ్గులు తగ్గాయి.

"మీరూ నేనూ ఆ జెండా పట్టుకున్నా అంతకంటే ఎక్కువ చూడలేం."

జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు. "అమ్మాయీ, గార్డుది తప్పు లేదంటే నీ కేసు నువ్వే పోగొట్టుకున్నట్టు కదా?"

ఇదే ప్రశ్న వాల్తేరులో అడిగి ఉంటే కాగితాల్లో తల దూర్చి వెతికేదాన్ని. ఇక్కడ ఆయన ముఖం చూశాను. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నారు.

"లేదండీ. ఆవిడ టిక్కెట్టు కొన్నది గార్డు దగ్గర కాదు, రైల్వే దగ్గర. క్షేమంగా దింపుతామని మాట ఇచ్చింది రైల్వే. పొట్టి ప్లాట్‌ఫారం దగ్గరికి పొడుగు బండిని పంపింది రైల్వే. ఆ బండి మొత్తానికి ఒక్క మనిషి కళ్ళే చాలనుకున్నది కూడా రైల్వే. ఆవిడ పడితే ఆవిడ తప్పు, లేకపోతే ఆయన తప్పు అంటే ఎలాగండీ? మూడో మనిషి ఉన్నాడు. వాడు కోర్టుకి రావాలి."

ఎక్కడో వెనక గ్యాంగువాళ్ళ వరసలోంచి, "అదీ! ప్లాట్‌ఫారం పెంచమని మేమూ అంటన్నాం!" అని కేక. హాలంతా నవ్వు. జడ్జిగారు కూడా నవ్వి, సాక్ష్యం రికార్డు చెయ్యనన్నారు. నేను నమస్కారం పెట్టి కూర్చున్నాను.

తర్వాత మాలబిక లేచింది. ఇంగ్లీషే అయినా, టీ తాగుతూ పక్కింటివాళ్ళతో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది. చేతులు వెనక్కి కట్టుకుంది, ఒక్కసారీ గొంతు పెంచలేదు. జడ్జిగారు గట్టి ప్రశ్న వేస్తే, "అది నాకు ఇబ్బందే సార్, ఒప్పుకుంటాను. అయినా నాకు ఇంకో దారి ఉంది," అంది. ఇబ్బందిని ఒప్పుకుని కూడా నిలబడవచ్చని నాకు అంతవరకూ తెలియదు. కప్పు వాళ్ళకే వచ్చింది. రావాల్సిందే.

జడ్జిగారు గోపాలాన్ని పిలిచి, "బాబూ, గొంతు బంగారం. కాని కోర్టులో జడ్జి నీకు మూడు గజాల్లోనే ఉంటాడు, పక్క ఊళ్ళో కాదు," అన్నారు. నాతో, "నువ్వు ఇంగ్లీషులో చదివావు, తెలుగులో మాట్లాడావు. ఆ రెండోది ఇంగ్లీషులో కూడా చెయ్యి," అన్నారు. గోపాలం ముఖం చిన్నబుచ్చుకుని ఉంటే నాటకం వాళ్ళొచ్చి, మర్నాడు రాజు వేషం వేసేవాడికి జ్వరమనీ, వేస్తావా అనీ అడిగారు. వాడు గంతులేసి ఒప్పుకున్నాడు. రైల్వేవాళ్ళ కోపం అంతసేపే.

వాల్తేరు తిరిగొచ్చాక నాన్నకి ఓడిపోయామని చెప్పాను. వచ్చే ఏడు మళ్ళీ వెళతానని కూడా చెప్పాను. ఆయన అంతకు ముందే పెద్దత్త నోట అంతా విన్నట్టున్నారు. ట్రైనింగు మాట ఎత్తలేదు.

పేరు రాయని స్టేషన్

కాని అంతకు ముందు సంగతి ఒకటుంది. మూట్ అయిన ఆ రాత్రే హాలు బయట సత్యం బాబాయి నా కోసం నిలబడి ఉన్నాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. "రేపు నాకు డ్యూటీ నేదు. ఒక సోటికి ఎల్లాల. నువ్వూ రా తల్లీ," అన్నాడు. "ఒక్కణ్ణీ ఎల్తే ఎప్పట్నాగే ప్లాట్‌ఫారం కాడి నుంచి ఎనక్కి వచ్చీస్తాను."

ఎక్కడికని అడగలేదు. పెద్దత్త కూడా బయలుదేరింది. ప్యాసింజరు బండి, చల్లటి గాలి, కిటికీ అవతల కోసేసిన వరిచేలు. స్టేషను పేరు రాయను. ప్లాట్‌ఫారం మాత్రం నిజంగానే పొట్టిది. మేము ఎక్కిన పెట్టె దాన్ని దాటే ఆగింది. పెద్దత్తని బాబాయి రెండు చేతులా పట్టుకుని దింపాడు. ఆవిడ కింద నిలదొక్కుకున్నాక కూడా కాసేపు వదల్లేదు.

ఊరు పక్కనే. దారిలో ఖర్జూరపు చెట్లకి మెడ దగ్గర కుండలు కట్టి ఉన్నాయి, మన వైపు తాటిచెట్లకి కట్టినట్టు. ఆ నీరే కాచి బెల్లం చేస్తారు. ఒక మట్టి ఇంటి ముందు పెద్ద మూకుడు పొయ్యి మీద ఉడుకుతోంది. పక్కన చేతికర్ర పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చుని తెడ్డుతో కలుపుతోంది. లేచేటప్పుడు ఒక పక్కకి ఒరిగింది. అది చూసి బాబాయి ఆగిపోయాడు. నేను ముందుకి నడవలేదు, వెనక్కీ పోలేదు. ఆయన పక్కన నిలబడ్డాను.

అక్కడ జరిగిన మాటలన్నీ బెంగాలీలో. తిరుగు ప్రయాణంలో బాబాయి ఒక్కొక్కటే చెప్పాడు. అప్పుడు నాకు తెలిసింది ముఖాలే.

బాబాయి మఫ్లరు తీసి చేత్తో పట్టుకున్నాడు. "మా," అన్నాడు. అమ్మని వాళ్ళు అలా పిలుస్తారు. "నువ్వు పడ్డ రోజు ఆ బండి గార్డుని నేనే."

ఆవిడ తెడ్డు ఆపింది. ఆయన ముఖంలోకి చూసింది. బాబాయి చూపు తిప్పలేదు.

"నన్ను చూశావా?" అని అడిగింది.

"లేదు మా. అందరూ దిగారనుకున్నాను."

"నేను కేకేశాను."

"వినపడలేదు."

మూకుడు అంచున బెల్లం పొంగుతుంటే తెడ్డుతో ఒక తిప్పు తిప్పింది. "వేరేవాళ్ళెవరో వచ్చి నాతో కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారు. నువ్వు రాలేదేం?"

"మా పైవాళ్ళు వెళ్ళొద్దన్నారు. ఆ తర్వాత వద్దనేవాళ్ళు లేరు, అయినా రాలేకపోయాను. ఏమని చెప్పాలో తెలియలేదు."

"ఇప్పుడు చెప్పావు కదా. ఇంతే కదా మాట! దీనికి ఇన్నాళ్ళు వెతుక్కున్నావా?" అంది. ఆ తర్వాత ఆవిడ మొదలుపెట్టింది. ఆ రోజు చేతిలో ఉన్న బెల్లం కుండలు పగిలిపోయాయట. కూతురి అత్తవారింటికి తీసుకెళ్ళి వాళ్ళు పుచ్చుకోకపోతే తిరిగి తెస్తున్న కుండలట. ఆ కూతురి సంగతీ, ఆ వియ్యపురాలి సంగతీ, ఆస్పత్రిలో పెట్టిన పప్పునీళ్ళ సంగతీ ఒకటి వదలకుండా తిట్టింది. బాబాయి చేతులు కట్టుకుని నిలబడి ప్రతిదానికీ తల ఊపాడు. పెద్దత్త నా చెవిలో, "ఏటే, కోపంగా ఉందా?" అంది. కోపంగానే ఉంది. కాని తిడుతూనే ఒక చాప లాగి పరిచి, కూర్చోమని చెయ్యి చూపించింది. బాబాయి కూలబడ్డట్టు కూర్చుని, మఫ్లరుతో ముఖం తుడుచుకున్నాడు.

ఆవిడ పళ్ళెం నిండా మరమరాలు పోసి, మూకుట్లోంచి బెల్లం ఒంపింది. "మన మురీలే కాదేటి!" అని పెద్దత్త సంబరపడి మొదలుపెట్టేసింది.

ముసలావిడ నా వైపు చూసి ఏదో అడిగింది. నేనెవరనేమో అనుకున్నాను. బాబాయి చెప్పిన జవాబులో 'ఉకీల్' అన్న మాట ఒక్కటి పట్టుకున్నాను, మన వకీలే. ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. మళ్ళీ అడిగింది.

బాబాయి నా వైపు తిరిగాడు. "రైలు దిగతా పడిపోయిన ఒకావిడ తరపున నిన్న వాదించినావని సెప్పినాను తల్లీ. గెలిసినావా అని అడుగుతోంది. ఏటి సెప్పమంటావు?"

"ఉన్నదే చెప్పు బాబాయ్."

చెప్పాడు. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. పళ్ళెం నా ముందుకి తోసి, బెల్లం ఇంకో గరిటె వేసింది. ఈసారి అడగకుండానే బాబాయి తెలుగులో చెప్పాడు.

"ఓడిపోతే ఏటయిందంట. ఇంకో కేసు రాకపోదంట. సల్లారిపోతాది, ముందు తినమంటోంది."

బెల్లం వేడిగా, పొగవాసనతో ఉంది. తిన్నాను.